రెండు బ్యాటరీలూ, అక్క పెళ్లీ

ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ప్రపంచమంతా రిపేరుకొచ్చిన వస్తువులాగే కనిపిస్తుంది. ఆ రోజుల్లో నా పరిస్థితి అదే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మా నాన్న ఊరికే అనేవారు కాదు. ఇంట్లో కాలింగ్‌బెల్లు, చర్చి మైకు అయిపోయాక (నేను చెయ్యి పెట్టకముందు రెండూ బాగానే పనిచేసేవి) నా కన్ను చర్చి వ్యాను మీద పడింది. మిషనరీ దొరల కాలంలో ఊరూరా తిరిగి వైద్యం చేయడానికి తెప్పించిన బండి అది. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, అద్దం, ఫ్యాను. కదిలే ఇల్లే అనుకోండి. అక్క పెళ్లి గోదావరి అవతల, పెళ్లికొడుకు వాళ్ల చర్చిలో. తెల్ల పట్టుచీర నలగకుండా అక్కని అందులోనే తీసుకెళ్లాలని పెద్దలు నిర్ణయించారు.

అక్కకి కాబోయే మావగారు రిటైరైన హెడ్మాస్టరు. నిశ్చితార్థానికి మేం గంట ఆలస్యంగా వెళ్తే వాచీ చూసుకుని, "పెళ్లికీ ఇంతేనాండీ?" అన్నారు. ఆ మాట అక్కకి ముల్లులా గుచ్చుకుంది. "ఒరేయ్, నాకింకేం వద్దు. పదింటికల్లా నన్ను చర్చిలో దింపు, చాలు," అంది నాతో.

ఆ వ్యానుకి రెండు బ్యాటరీలు. ముందుది ఇంజను స్టార్టవడానికి, వెనకది ఫ్యానుకీ లైట్లకీ. మధ్యలో ఓ పాత స్విచ్చి. బండి నడిచేటప్పుడు అది వేస్తే రెండూ ఛార్జవుతాయి, ఇంజను ఆపగానే తీసేయాలి. మేమంతా మావయ్యా అని పిలిచే ముసలి డ్రైవరు ప్రతిసారీ దిగి, నడుం పట్టుకుని వంగి ఆ పని చేసేవారు. చూసి జాలేసింది. పెళ్లికి ముందురోజు ఆ స్విచ్చి పీకేసి, రెండిటినీ లావుపాటి వైరుతో శాశ్వతంగా కలిపేశాను. "బాబూ, ఇంజనాగితే ఆ రెండిటికీ మాటలుండకూడదు," అన్నారు మావయ్య. "కలిసుంటే కలదు సుఖం మావయ్యా!" అన్నాను. చదువుకున్నవాడితో వాదనెందుకని ఆయన బండి తుడుచుకోడానికి వెళ్లిపోయారు.

మర్నాడు రేవులో, బళ్లను ఏరు దాటించే పంటు ఎక్కాక అది నిండేదాకా ముప్పావుగంట ఆగాం. ఇంజను ఆపాం, ఫ్యాను ఆపలేదు. "ఫ్యాను కట్టేశావంటే చూడు, పిల్ల పౌడరంతా కారిపోద్ది!" అంది పిన్ని. అద్దం చుట్టూ లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. అవతలి ఒడ్డుకి చేరాక మావయ్య తాళం తిప్పారు. టక్ మంది. మళ్లీ తిప్పారు. ఈసారి అదీ లేదు. ఫ్యానూ లైట్లూ కలిసి రెండు బ్యాటరీలనీ తాగేశాయి. పంటు మీద మా వ్యానే ముందుంది, మేం కదిలితేగానీ వెనక కార్లు దిగడానికి లేదు. హారన్లు మొదలయ్యాయి. మావయ్య దిగి, నడుం పట్టుకుని వంగి, నేను కలిపిన వైరుకేసి చూశారు. తొమ్మిదిన్నర దాటింది. అక్క కళ్లనిండా నీళ్లు.

అప్పుడు పంటు మీద బళ్ల పక్క సందులోంచి మోపెడ్ తోసుకుంటూ చేపలమ్మే ఆవిడ వచ్చింది. లోపలికి తొంగిచూసి, "ఏంటండీ ఇది, పెళ్లికూతుర్ని పెట్టుకుని! రా తల్లీ, నే దింపుతాను," అని వెనక కట్టిన చేపల బుట్ట విప్పి నా చేతిలో పెట్టింది. "బాబూ, కాకులు జాగర్త!" కుచ్చిళ్లు పట్టుకుని అక్క ఆ మోపెడ్ మీద వెళ్లిపోయింది. ఇంజనీరుగారు చేపలకి కాపలా.

ట్రాక్టరు ఒకటి తాడుకట్టి వ్యానుని ఒడ్డుకి లాగేసరికి పదీ పావయింది. పెళ్లి చూసే యోగం లేదనుకుని బుట్టతో గట్టుమీద కూలబడ్డాను. ఇంతలో ఆవిడ తిరిగొచ్చింది. "మీ అక్కని పదికి ముందే దింపేశానయ్యా. పెళ్లే అవ్వలేదు. తమ్ముడొస్తేగానీ నుంచోనంటంది. ఎక్కు!"

వ్యాను గ్రీజుతో నల్లబడ్డ చేతులతో, చేపల వాసనతో చర్చిలో అడుగుపెట్టాను. మావగారు వాచీ చూసుకోబోయి, నా వాలకం చూసి చెయ్యి దించేశారు. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఇప్పుడు కానివ్వండి అయ్యగారూ," అంది పాస్టరుగారితో. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నాకో ఇన్వర్టర్ల షాపు ఉంది, జుట్టూ నెరుస్తోంది. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ల మొనగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాలుగు తిట్టుకుందామనుకుంటాను గానీ మనసొప్పదు. అలాంటివాడి కోసం కూడా మా అక్క పెళ్లి ఆపుకుని కూర్చుంది మరి.