అడగకుండా వదిలిన ఓడ

కొలిపాక సురేందర్ గారు మొదటిసారి మా ఇంటికి వచ్చింది నిరుడు ఆషాఢంలో. మైత్రీవనం వెనుక సందులో కోచింగ్ పిల్లల దరఖాస్తులు దిద్దిపెట్టే టీచరు ఉన్నదని జిరాక్స్ దుకాణంవాళ్లు చెప్పారట. ముప్పై ఏళ్లుగా తీర రక్షక దళపు యూనిఫాంలో ఉండి, సెలవు మీద ఇంటికి వచ్చిన మనిషి, చెప్పులు గుమ్మం బయట వరుసగా విడిచి, నిలబడే కాగితం అందించారు.

"జర దిద్దుండ్రి మేడం. తప్పులుంటే తిట్టుండ్రి."

"కూర్చోండి. తిట్టాలన్నా ముందు చదవాలి కదా."

అది విచారణాధికారికి రాసిన ఉత్తరం. తూర్పు తీరంలోని ఒక కావలి కేంద్రంలో, దగ్గరగా పోయే ప్రతి ఓడనూ రేడియోలో పిలిచి, ఏ సరుకు మోస్తున్నదో అడిగి, పుస్తకంలో రాయడం ఆయన పని. ప్రమాదకరమైన సరుకైతే ఆ ఓడ తీరం దాటేదాకా కనిపెట్టి ఉండాలి. ఒక ఓడను 'మామూలు సరుకు' అని రాసి వదిలేశారు. మూడు రోజులకు దాని నుంచి జారిపడిన యాసిడ్ పీపాలు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. మూత తీసిన ఇద్దరు జాలరుల చేతులు కాలిపోయాయి.

ఉత్తరంలో 'రేడియో సరిగా వినపడలేదు' అని ఉంది.

"మీరు పిలిచారా?" అన్నాను.

ఆయన కాగితం మడిచి వెళ్లిపోయారు. నాలుగు రోజుల తరువాత వచ్చి, మంచినీళ్లు తాగి చెప్పారు.

"పిలువలె మేడం. ముందు డ్యూటీ దుర్గేష్‌ది. 'అన్నా, ఆ ఓడ మాట నాకు సరిగ వినపడలె, నువ్వొకసారి అడుగు' అని చెప్పి దిగిండు. ఆ పూట నలభై ఓడలు. అడిగి అడిగి గొంతు పోయింది. వాడు 'మామూలు సరుకు' అని రాసినదాని కింద రెండు గీతలు గీసిన."

'నేనూ అడిగాను, అదే జవాబు' అని చెప్పడానికి వాళ్లు గీసే గీతలవి. పుస్తకంలో మొదట రాసింది దుర్గేష్ కనుక అతణ్ణి సస్పెండ్ చేశారు. సురేందర్ గారు నిజం చెప్పకపోతే అతని ఉద్యోగం పోతుంది.

ఆ నిజంతోనే ఉత్తరం మళ్లీ రాశాము. నేను రెండు చోట్ల మాత్రమే కలం పెట్టాను. మరునాడు ఆయన దాన్ని రిజిస్టర్ చేయడానికి పంజాగుట్ట పోస్టాఫీసుకు నడిచి వెళ్లి, కవరుతోనే తిరిగి వచ్చారు.

"లైన్ మస్తుగుంది మేడం."

మర్నాడు సర్వర్ పనిచేయలేదన్నారు. మూడోరోజూ కవరుతోనే వచ్చారు. చెమటకు దాని అంచులు మెత్తబడ్డాయి. నేను ఎందుకని అడగకుండా టీ పెట్టి ఇచ్చాను.

"పొద్దున దుర్గేష్ ఫోన్ చేసిండు," అన్నారు. "'అన్నా, పానం మంచిగున్నదా?' అని అడిగిండు. గంతే. ఇంకేం అడగలె."

టీ చల్లారిపోయింది. ఆయన లేచి, కవరు నా బల్ల మీద పెట్టారు.

"మీరే వేయుండ్రి మేడం. రసీదు సుత నాకియ్యకుండ్రి. ఇస్తే పోయి ఉత్తరం వాపస్ అడుగుత."