తలుపుల్లేని కారుకు పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నాకు ఓర్పు తక్కువ, జ్ఞాపకశక్తి ఎక్కువ. ఓర్పు ఇప్పుడు కాస్త పెరిగింది గానీ, నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారన్న విషయంలో జ్ఞాపకశక్తి మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. ఇరవై ఏడేళ్ల వయసులో, సింగపూర్‌లో, తువాస్‌లోని ఒక షిప్‌యార్డులో డ్రాయింగులు గీసుకుంటూ, బుకిట్ బటోక్‌లో అద్దెకుంటూ నేను స్పోర్ట్స్ కారు కొన్నానంటే కుర్రతనం సరదా అనుకున్నారందరూ. కాదు, దానికి కారణం మా కంపెనీ బస్సు డ్రైవరు. ఒకరోజు నేను చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తుంటే, అద్దంలో నన్ను చూసి, తనూ చెయ్యి ఊపి మరీ బస్సు కదిలించుకుపోయాడు. (తర్వాత నిలదీస్తే, మీరు టాటా చెప్తున్నారనుకున్నాను అన్నాడు.) ఇక జన్మలో ఆ బస్సెక్కకూడదని, రోజూ దానికంటే ముందే తువాస్ చేరాలని అక్కడే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను.

మా పక్క బ్లాకులో స్పానర్ అంకుల్ అని ఒకాయన ఉండేవాడు. మలేషియాలో పుట్టి, పని కోసం చిన్నప్పుడే ఇటు దిగివచ్చిన తెలుగాయన. జీవితమంతా మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. స్నేహితుడి వర్క్‌షాపులో ఒక మూల అడిగి పుచ్చుకుని, విదేశం నుంచి పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని, ఎనిమిదేళ్లు ఆదివారాలన్నీ ధారపోసి ఒక కారు కట్టాడు. ఇనప గొట్టాల చట్రం, దానికి చుట్టిన అల్యూమినియం రేకు, రెండు సీట్లు, ఒక ఇంజను, అంతే. తలుపులు లేవు, పైకప్పు లేదు. ఇద్దరు మనుషులు వెనక భాగం పట్టుకుని ఎత్తి పక్కకు జరపగలిగేంత తేలిక. దానికి నంబరు ప్లేటు వచ్చేలా తనిఖీలన్నీ దాటించడానికి కట్టినదానికంటే ఎక్కువ శ్రమ పడ్డానని చెప్పేవాడు. తీరా నడుపుకునే వేళకు ఆయన మోకాళ్లు మొరాయించాయి. "ఎక్కితే దిగలేను, దిగితే ఎక్కలేను తంబీ. నువ్వు తీసుకో. కానీ ఒక్క మాట. రేపు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాణ్ని నేను చూడాలి. నాకు నచ్చాలి" అన్నాడు. సరేనన్నాను. వాన పడితే ఎలాగని అడిగితే, "వాన లేనప్పుడు తోలు" అన్నాడు. (సింగపూర్‌లో!)

మొదటి వారమే వాన పట్టుకుంది. తువాస్ దారిలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. రోడ్డుకు జానెడు ఎత్తులో నా సీటు, టిఫిన్ డబ్బా ఒళ్లో, నీళ్లు నడుం దాకా. పక్కనే పనివాళ్ల లారీ వచ్చి ఆగింది. అందులోంచి ఓ పదిమంది తెలంగాణ కుర్రాళ్లు నా మీదికి వంగి చూశారు. "అన్నా, తలుపులు యాడ పోయినయే?" అన్నాడొకడు. "పైసలు సాలలేదేమో తియ్‌రా" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు నిజంగానే జాలిపడి, "లారీ ఎక్కరాదే అన్నా! ఒక చెయ్యి వేస్తే కారు గూడ పైకి ఎక్కించుకుంటం" అన్నాడు. లారీ లారీ అంతా విరగబడి నవ్వింది. ఆ మూడోవాడి మొహం నాకింకా గుర్తే, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. అయినా నేను పట్టు వదల్లేదు. రెండేళ్లలో మొత్తం పదకొండు రోజులు బస్సు కంటే ముందు చేరాను. ఆ పదకొండు రోజులూ గేటు దగ్గర నిలబడి, బస్సు లోపలికి వస్తుంటే డ్రైవరుకు తీరిగ్గా టాటా చెప్పాను.

ఈలోగా పెళ్లయింది. మా ఆవిడది బుకిట్ పంజాంగ్‌లో స్థిరపడిన మలేషియా తెలుగు కుటుంబం. తలకు స్కార్ఫు కట్టుకుని నవ్వుతూనే ఎక్కేది పాపం. ఏడో నెల వచ్చాక ఒక సాయంత్రం కార్ పార్కులో దిగబోయి దిగలేకపోయింది. నేనొక చెయ్యి, దారినపోయే చైనా ఆంటీ ఒక చెయ్యి పట్టుకుని లాగితే పైకి వచ్చింది. వచ్చీ రాగానే, "బిడ్డని ఎక్కడ కూర్చోబెడతారు, బానెట్ మీదా? కాన్పుకి అమ్మ దగ్గరికి పోతున్నా. ఇది ఇక్కడున్నన్నాళ్లు నేనూ బిడ్డా అక్కడే, చెప్తున్నా లా" అంది, ఈ ఊరివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా. అన్నట్టుగానే ఆ వారమే వెళ్లిపోయింది. కారు అమ్ముతానని ప్రకటన ఇవ్వక తప్పింది కాదు.

ప్రతి ఆదివారం కార్ పార్కు పై అంతస్తులో పెళ్లిచూపులు మొదలయ్యాయి. నేను కారును కడిగి తుడిచేవాణ్ని. స్పానర్ అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మడత స్టూలు, ఫ్లాస్కు పట్టుకుని ఆడపిల్ల తండ్రిలా వచ్చి కూర్చునేవాడు. మొదట వచ్చిన బ్యాంకు కుర్రాడు "బొమ్మ కారులా క్యూట్‌గా ఉంది" అన్నాడు. అంకుల్ నా వైపు చూశాడు, నేను అంకుల్ వైపు చూశాను. కారు అమ్ముడుపోయిందని చెప్పి పంపేశాం. తర్వాత ఓ జంట వచ్చి, కూరగాయల సంచీ ఎక్కడ పెట్టాలని అడిగింది. "కూరగాయలకి బస్సు ఉంది కదా" అన్నాడు అంకుల్. ఇంకొకాయన వేలితో రేకు మీద టకటకా కొట్టి చూశాడు. "ఏం, పుచ్చకాయ కొంటున్నావా?" అని అంకుల్ మోకాళ్ల నొప్పి మరిచి లేచి నిలబడ్డాడు. పైకప్పు సంగతి ఎవరడిగినా, గాలి బ్రహ్మాండంగా వస్తుందని చెప్పేవాణ్ని. రాత్రి మా ఆవిడ ఫోను చేసి "పోయిందా?" అనేది. "వాడు దాన్ని బొమ్మ అన్నాడు" అనేవాణ్ని. "బొమ్మే కదా!" అంది ఒకసారి. (ఆ మాట కూడా రాసిపెట్టుకున్నాను.)

తొమ్మిదో నెల వచ్చింది. ఆ ఆదివారం మా ఆవిడే టాక్సీ కట్టించుకుని వచ్చేసింది. చూడవచ్చినది ఒక పొట్టి మలాయ్ అమ్మాయి, ఫిజియోథెరపిస్టునని చెప్పింది. అంకుల్ గొంతు సవరించుకునేలోపే మా ఆవిడ ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, "ఇద్దరూ పోయి టీ తాగి రండి. మీరు కారు అమ్మట్లేదు, పిల్లనిస్తున్నారు" అని కిందికి తరిమేసింది.

కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో రెండు నురగ టీలు, తే తారిక్‌లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. "మీ ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేస్తుందా తంబీ?" అన్నాడు అంకుల్ దిగులుగా. "చెప్పేస్తుంది అంకుల్." "సెకండ్ గేరు సంగతి కూడానా?" "అదే మొదట చెప్తుంది." ఆయన మొహం విప్పారింది. "అయితే ఇంకెక్కడ కొంటుంది!" అన్నాడు. ఇద్దరికీ ప్రాణం కుదుటపడి, ఇంకో టీ తాగి, తీరిగ్గా పైకి వెళ్లాం.

నిజంగానే మా ఆవిడ అంతా చెప్పేసింది. వానకు తడుస్తావని, సెకండ్ గేరు బతిమాలితే గానీ పడదని, లారీల్లోంచి నవ్వుతారని, కడుపుతో ఉంటే క్రేను కావాలని. ఆ అమ్మాయి అన్నీ విని ఒక్కటే అడిగిందట, దీన్ని ఎవరు కట్టారని. మేం రాగానే సీట్లోంచి లేచి నేరుగా అంకుల్ దగ్గరికెళ్లి, "అంకుల్, వెనక ఆ గొట్టం అంత నున్నగా ఎలా వంచారు?" అంది. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. (రెండేళ్లు నడిపిన నేనూ అడగలేదు.) అరగంట పైన మాట్లాడుకున్నారు. ఆమె ఆయన మోకాలు కూడా చూసి ఏదో వ్యాయామం చెప్పింది. చివరికి అంకుల్ "తీసుకో అమ్మా" అనేశాడు. అమ్మేవాణ్ని నేను, నన్నెవరూ అడగలేదు.

కాగితాల పని అయ్యాక, శనివారం ఆ అమ్మాయి కారు తీసుకెళ్లడానికి వచ్చింది. నా చేతిలో ఉన్న రెండేళ్లూ ఆ కారు ఒక్క పొద్దున కూడా మొదటిసారికే స్టార్టవలేదు. నాలుగుసార్లు తాళం తిప్పి, ఒకసారి తిట్టి, ఐదోసారి తిప్పాలి. ఆ కిటుకు ఆమెకు చెబుదామని నోరు తెరిచాను. ఆమె ఒక్కసారి తిప్పింది. బుర్రుమంది. వాలు దిగి, మలుపు తిరిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాలుగు రోజులకు మా అమ్మాయి పుట్టింది, ఆ వారమే ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఇప్పుడు మాది నాలుగు తలుపులు, గట్టి పైకప్పు ఉన్న ఎత్తైన కారు. ఒక్క చుక్క లోపలికి రాదు. వెనక సీట్లో మా అమ్మాయి "డాడీ, ఇంకొంచెం ఫాస్ట్ కెన్ ఆర్ నాట్?" అని సణుగుతూ ఉంటుంది. ఇక్కడ కారుకు పదేళ్లు గడువు, పొడిగించుకోకపోతే తుక్కే. ఆ అమ్మాయి పొడిగించుకుందో లేదో తెలియదు. కానీ ఆమె చేతిలో ఒక్కసారికే స్టార్టయి నాకు చేసిన ఆ అవమానం గురించి ఆ కారును ఒక్కమాట అడగాలని ఉంది. అందుకే సిగ్నల్ పడ్డప్పుడల్లా, అద్దం దించి, పక్కన కిందికి ఒకసారి చూసుకుంటాను.