సుబ్బాయమ్మ పోలిక చెబితే

మా చల్లపల్లి సుబ్బాయమ్మ పిన్నికి పసిపిల్ల కనబడితే చాలు, ఎవరి పోలికో చెప్పేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. పుట్టిన బిడ్డకు నీళ్ళు పోయకముందే హాజరు. "ముక్కు మేనత్తది, ఏడుపు తాతది" అని తేల్చేసి, కాఫీ తాగి వెళ్తుంది.

ఆ తేల్చడంతో వీధి వీధంతా అదిరిపోయిన సందర్భాలున్నాయి. నాగేశ్వరరావుగారి కొడుకు బారసాలలో, నిండు పేరంటంలో, "అచ్చం ఎదురింటి కాంతారావు ముక్కే!" అంది. నాగేశ్వరరావుగారి చేతిలోంచి మైసూర్‌పాక్ జారిపోయింది. కాంతారావు పెళ్ళాం లేచి నిలబడింది.

"కంగారెందుకర్రా? మీ రెండిళ్ళకీ నాగాయలంక తాతమ్మ ఒకావిడే కదూ!" అని పిన్ని చుట్టరికం విప్పేసరికి అందరికీ ఊపిరొచ్చింది. కాంతారావు మాత్రం చాలాకాలం ఆ ఇంటివైపు తలెత్తి చూడలేదు.

ఇదిలా ఉండగా, మా వీధిలోనే ఉండే పిచ్చేశ్వరరావు బాబాయిగారి అమ్మాయి బిందు, పూనాలో ఫార్మసీ చదువుతూ తన క్లాసు కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. అతనిది కెన్యా. పేరు ఒటియెనో. కబురు విన్న బాబాయిగారు "నాకు కూతురు లేదు" అన్నారు. ఆ తర్వాత ఎవరు బిందు పేరెత్తినా లేచి వెళ్ళిపోయేవారు. చివరికి రెండువేల మూడులో, తల్లి మంగతాయారు పోరగా పోరగా, బిందు మొగుణ్ణీ చంటిపాపనీ వెంటబెట్టుకుని వచ్చింది.

బస్సు దిగిన ఒటియెనోను చూసి వీధిలో సైకిళ్ళు ఆగిపోయాయి. పాప రంగు, ఉంగరాల జుట్టు చూసి ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ పిల్లని రేపు ఎవరు చేసుకుంటారండీ?" అని ఒకావిడ కుమిలిపోయింది. పాపకింకా పళ్ళే రాలేదు.

లోపలికి వస్తూ ఒటియెనో గుమ్మానికి కొట్టుకుని తల పట్టుకున్నాడు. "అయ్యో నాయనా!" అని మంగతాయారు పరిగెత్తింది.

"పర్వాలేదండీ అత్తయ్యగారూ" అన్నాడతను, శుభ్రమైన తెలుగులో. దాంతో వీధి రెండోసారి నిర్ఘాంతపోయింది.

బాబాయిగారు మాత్రం గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

"నాన్నా, ఒక్కసారి పాపని చూడు" అని బిందు తలుపు కొట్టింది. గడియ కదల్లేదు. "సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతామమ్మా. ఇంక రాం" అంది కళ్ళు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే దిగింది సుబ్బాయమ్మ పిన్ని. ఈవిడ ఇప్పుడేం అంటుందో! పాపను ఒళ్ళో వేసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "హవ్వ!" అంది. గుమ్మంలో మూగినవాళ్ళంతా ముందుకు వంగారు.

"ఆ జుట్టెవరిదండీ పిన్నిగారూ?" అని ఎవరో కిసుక్కున నవ్వారు.

"వాళ్ళ నాన్నది. నాన్న జుట్టు రాక నీ జుట్టొస్తుందా? ఎంత ఒత్తుగా ఉందో చూడు, దిష్టి పెట్టక!" అని కసిరి, పిన్ని గదివైపు తిరిగి గొంతు పెంచింది. "ఏవోయ్ పిచ్చేశ్వరరావూ! మీ అమ్మ ఎడంచెవికి ఓ మడత ఉండేది, గుర్తుందా? నీకూ ఉంది. ఇదిగో, ఈ పిల్లకీ దిగింది!"

లోపల గడియ తీసిన శబ్దం.

"ఏదీ?" అన్నారు బాబాయిగారు.

కళ్ళజోడు సర్దుకుని వంగారు. పాప ఆయన మీసం పట్టుకుని బోసిగా నవ్వింది. ఆయన విడిపించుకోలేదు. అలా వంగే, "ఏంటే, ఇంత చిక్కిపోయావు?" అన్నారు బిందుతో. తర్వాత అల్లుడి ముఖం చూడకుండానే, భార్య మీద విసుక్కున్నారు: "అతని తలకి కాస్త పసుపైనా రాయవే!"

ఆ సాయంత్రం బస్సు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "పిన్నీ, నేనూ చూశాను. పాప చెవికి మడత కనబడలేదే?"

"నాకూ కనబడలేదే."

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. "మరి?"

"చెవి చూడాలంటే దగ్గరికి రావాలి కదే పిచ్చిదానా! వచ్చాడుగా!"

మర్నాడు బాబాయిగారు పాపను భుజాన వేసుకుని వీధంతా తిరిగారు. కాంతారావుని ఆపి, ముందు తన చెవి, తర్వాత మనవరాలి చెవి చూపించి ఒప్పించారు. నా వంతూ వచ్చింది. "ఇక్కడ చూడమ్మా, మా అమ్మ మడత. కనబడిందా?"

కళ్ళు చికిలించి చూశాను. నున్నగా, లేత తమలపాకులా ఉంది చెవి.

"అచ్చం మీదే బాబాయిగారూ!" అన్నాను.