స్టెప్నీ మీద సైకిల్, డోర్నకల్ దాకా

పోయిన ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. పదిహేను రోజులు బుర్ర బద్దలు కొట్టుకొని కారుకు సైకిల్ ర్యాక్ కొన్నాను. కొలిచాను, బిగించాను, జనగామ నుంచి డోర్నకల్ దాకా సైకిల్ మీద ఒక్క గీత పడకుండా తీసుకెళ్లాను. అక్కడ రోడ్డు మీద నిలబెట్టి, దాని మీది నుంచి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, నోరు తెరిచాను. నేను ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్తున్న మనిషిని. అది గుర్తుపెట్టుకొని నవ్వండి.

ముందు రూత్ సంగతి చెప్పాలి. మాది రేగొండ. డిగ్రీ మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, హాస్టల్లో ఉండి చదివాను. రూత్ డోర్నకల్ నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చేది. స్టేషన్ బయట స్టాండులో తన సైకిల్ ఉండేది. అది తీసుకొని హాస్టల్ దగ్గరికి వచ్చి నన్ను వెనక ఎక్కించుకొని కాలేజీకి తీసుకెళ్లేది. సాయంత్రం మళ్లీ అలాగే దింపేది. మూడేళ్లు నేను ఆ క్యారియర్ మీదే ఉన్నాను. ఒళ్లో ఇద్దరి పుస్తకాలు, రూత్ టిఫిన్ డబ్బా. ముందు రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు కనిపించేదల్లా రూత్ జడ. దానికి ఏ రోజు ఏ రిబ్బన్ కట్టిందో ఇప్పటికీ చెప్పగలను.

నాకు సైకిల్ రాదు. నేర్పమంటే, నువ్వు పుస్తకాలు పట్టుకో చాలు అనేది. ఒకసారి ఎత్తు మీద రొప్పుతూ తొక్కుతుంటే నాకే సిగ్గేసింది. "ఏదో ఒకరోజు నిన్ను ఎక్కించుకొని నేను తొక్కుతనే" అన్నాను. "తొక్కుదువు తియ్యి. ముందైతే దిగు, నూకు" అంది.

తర్వాత నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, తనకు రైల్వేలో వచ్చింది. నేను జనగామలో, తను డోర్నకల్‌లో. మధ్యలో ఉన్నది నాలుగు గంటల దూరం కూడా కాదు. అయినా కలిసింది పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ. అక్కడ తీరిగ్గా మాట్లాడుకునేదేముంటుంది?

ఈ ఎండాకాలం సెలవుల్లో నేను సైకిల్ నేర్చుకున్నాను. యాభై దాటాక. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో, వాచ్‌మన్ తప్ప చూసేవాళ్లు లేకుండా. ఎన్నిసార్లు పడ్డానో అతనికే తెలుసు, మంచివాడు, ఎవరికీ చెప్పలేదు. రూత్‌కు కూడా చెప్పలేదు నేను. ఒకరోజు తిన్నగా డోర్నకల్ వెళ్లి, గంట కొట్టి, "ఎక్కు" అందామని.

అంతలో రూత్ ఫోన్. ప్రమోషన్ వచ్చిందట, గుంతకల్లుకు వేశారట. రెండు వారాల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వెళ్లేముందు ఒక్క ఆదివారమే ఖాళీ. "ఆ రోజు నేనొస్తున్న. చీర కట్టకు, డ్రెస్ వేసుకో" అన్నాను. ఎందుకే అంటే చెప్పలేదు.

ఇక సైకిల్‌ను ఎలా తీసుకెళ్లాలి? డోర్నకల్‌లో ఎవరిదైనా సైకిల్ అడగరాదా అన్నాడు మా ఆయన. ఆయనకేం తెలుసు. నాకు వచ్చింది నా సైకిల్ తొక్కడం. సైకిల్ తొక్కడం కాదు.

మా కారుకు స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది. కొన్నప్పుడు అదే అందమనుకున్నాం. ర్యాక్ కొనేటప్పుడు తెలిసింది, లోకంలో ఉన్న ర్యాకులన్నీ వెనక చదునుగా ఉండే కార్ల కోసం పుట్టాయని. బెల్టులతో తలుపుకు తగిలించే రకానికి టైరు అడ్డం. కారు కింద కొక్కేనికి బిగించే రకానికి మా కారుకు కొక్కెమే లేదు. పైన టాపు మీద పెట్టే రకమైతే సైకిల్‌ను నెత్తి మీదికి ఎత్తాలి. నా ఎత్తుకు నేను స్టూలెక్కాలి, మా ఆయన నడుముకు ఆయన పడుకోవాలి. చివరికి స్టెప్నీ మీదే కూర్చునే రకం ఒకటి దొరికింది. ఇనుప చట్రం, టైరు చుట్టూ బెల్టులు, బయటికి రెండు చేతులు, వాటి మీద సైకిల్. అయితే టైరు కొలత ఇవ్వాలి.

బట్టలు కుట్టే టేపు తెచ్చి కొలిచాను. మూడుసార్లు కొలిచి సగటు తీశాను. ర్యాక్ వచ్చింది, బిగించాం. అరచెయ్యి పట్టేంత వదులు.

విషయమేమిటంటే, మా స్టెప్నీకి మూడు పొరలు. కంపెనీ వాళ్ల కవరు ఒకటి. దాని మీద షోరూం ప్లాస్టిక్. రెండేళ్లయినా తియ్యలేదు, తీస్తే బండి పాతబడుతుందని మా ఆయన నమ్మకం. దాని మీద ఆయన ప్రేమగా కుట్టించిన రెక్సిన్ కవరు, ఎర్రక్షరాల్లో "శ్రావ్య – శ్రీకర్" అని మా పిల్లల పేర్లు. నేను కొలిచింది టైరును కాదు, టైరు వేసుకున్న స్వెటర్లను. బెల్టులు బిగిస్తే పొరలు నలిగి జారుతున్నాయి. కొలిచేముందు జీరో ఎర్రర్ చూసుకోవాలని ఏటా నూటయాభై మంది పిల్లల చేత వల్లె వేయించే మనిషిని.

సైకిల్, ర్యాక్, కారు, మొగుడు, అన్నీ తీసుకొని శనివారం సైకిల్ షాపు యాదగిరన్న దగ్గరికి పోయాను. ఆయన మూడు కవర్లూ ఊడదీశాడు. మా ఆయన ప్లాస్టిక్‌ను మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. ర్యాక్ గట్టిగా కూర్చుంది. అప్పుడు ఇంకో చిక్కు. నాది లేడీస్ సైకిల్, మధ్యలో అడ్డకడ్డీ లేదు, ర్యాక్ చేతులకు పట్టు లేదు. యాదగిరన్న సీటు నుంచి హ్యాండిల్ దాకా ఒక ఇనుప రాడ్ కట్టాడు. సరే, సైకిల్ ఎక్కింది. కానీ సైకిల్ వెనక క్యారియర్ స్టెప్నీకి ఒరుసుకుంటోంది.

"క్యారియర్ తీసేస్తే సాఫ్‌గ కూసుంటది మేడం. ఏమన్న సామాన్ మోస్తరా దాని మీద?" అన్నాడు.

"సామానేమీ లేదు. తీసెయ్యన్నా."

రెండు నట్లు. తీసేశాడు. డిక్కీలో వేద్దామంటే, మా తలుపు పక్కకు తెరుచుకుంటుంది, సైకిల్ కట్టాక తెరుచుకోదు. ఉండనీ, సోమవారం తీసుకుంటానని ఆయన షాపులోనే మేకుకు తగిలించి వచ్చాను. పదిహేను రోజుల పరేషాన్ తీరిందని ఆ రోజు హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నేను డ్రైవింగ్, పక్కన మా ఆయన. సైకిల్ వెనక పిల్లల పేర్లు కనబడవని ఆయనకు బాధ. అందుకని రెక్సిన్ కవరును సైకిల్‌కు బయటివైపు తాడుతో కట్టాడు. తొర్రూరు దగ్గర బైకు మీద ఒక జంట పక్కకొచ్చి చెయ్యి ఊపారు. ఈ వయసులో సైకిల్ వేసుకొని పోతున్నాం, ముచ్చటపడుతున్నారనుకొని నేనూ ఊపాను. తర్వాత ఒక ఆటో డ్రైవర్ ఊపాడు. అతనికీ ఊపాను. మూడోసారి ట్రాక్టరాయన అడ్డంపెట్టి ఆపాడు. "అక్కా, నీ ఎనుక గాలిపటం లెక్క లేచింది సూడు" అన్నాడు. దిగి చూసేసరికి కవరు లేదు. మా ఆయన పొలం గట్టు వెంట వెనక్కి నడిచిపోయి, పత్తి చేలో పడ్డదాన్ని దులుపుకొని వచ్చాడు. అక్కడి నుంచి డోర్నకల్ దాకా ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నాడు, చంటిపిల్లలను ఎత్తుకున్నట్టు.

రైల్వే క్వార్టర్ ముందు రూత్ నిలబడి ఉంది. డ్రెస్ వేసుకుంది. జుట్టు తెల్లబడింది, జడ మాత్రం అంతే గట్టిగా అల్లుకుంది. లోపలంతా అట్టపెట్టెలు. సాయంత్రం సామాను లారీ వస్తుందట.

నేను బెల్టులు విప్పాను, సైకిల్ దింపాను, రాడ్ విప్పాను. ఎక్కి అక్కడక్కడే ఒక చుట్టు తిరిగి ఆమె ముందు ఆపి గంట కొట్టాను. రూత్ కళ్లు పెద్దవి చేసింది. ముప్పై ఏళ్లు మనసులో దాచుకున్న మాట అన్నాను.

"ఎక్కు."

రూత్ నా వెనక్కి వచ్చింది. చున్నీ సర్దుకుంది.

"విజ్జీ, ఏడ కూసోవాలెనే?"

వెనక్కి తిరిగి చూశాను. సీటు ఉంది. చక్రం ఉంది. మధ్యలో ఏమీ లేదు.

జనగామలో మేకుకు తగిలించింది నా సైకిల్ సామాను కాదు, రూత్ సీటు. ఇంతా చేసింది దేనికోసమో దాన్నే విప్పి పెట్టి వచ్చాను.

రూత్ మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకొని నవ్వింది. మా ఆయన నవ్వడానికి పర్మిషన్ కోసం నా మొహం చూశాడు, దొరకలేదు. పక్క క్వార్టర్ ఆయన సైకిల్‌కు క్యారియర్ ఉందని తెప్పించింది రూత్. దాని సీటు మీద కూర్చుంటే నా కాళ్లు గాల్లో ఉన్నాయి. పది గజాలు పోయి వాళ్ల ముళ్లకంచెలో ఆగాను.

"ఇగ చాలు. నీదే నువ్వు తొక్కు, నేను చూస్త" అంది.

తొక్కాను. రూత్ వెనకాలే సీటు పట్టుకొని నడిచింది. రైల్వే కాలనీ రోడ్డు ముందు పొడుగ్గా, ఖాళీగా కనిపిస్తోంది. ముందుండి తొక్కేవాళ్లకు ఇంత రోడ్డు కనబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. నేనేదో చెప్తూ వెనక్కి తిరిగాను. చూస్తే రూత్ చాలా వెనక నిలబడి ఉంది, ఎప్పుడు వదిలిందో. అక్కడి నుంచే పొమ్మని చెయ్యి ఊపుతోంది. ఈసారి మాత్రం ఆ ఊపడం నాకు సరిగ్గానే అర్థమైంది.

సాయంత్రం లారీ వచ్చింది. మేం తిరిగొచ్చాం.

సోమవారం యాదగిరన్న క్యారియర్ బిగించాడు. మొన్న రూత్ గుంతకల్లు నుంచి ఫోన్ చేసి, క్వార్టర్ ముందు రోడ్డు బాగుంది, ఎత్తు కూడా లేదు, దసరా సెలవుల్లో రా అంది. వెంటనే సైకిల్‌ను ర్యాక్ మీద పెట్టి చూశాను. క్యారియర్ ఉంటే ర్యాక్ మీద పట్టదు. ర్యాక్ మీద పడితే క్యారియర్ ఉండదు.

అందుకని క్యారియర్ మళ్లీ విప్పించి, రెండు నట్లూ దానికే తీగతో కట్టించి, కారులో నా పక్క సీట్లో పెట్టి బెల్టు పెట్టాను. దసరా దాకా అక్కడి నుంచి కదలడానికి వీల్లేదని చెప్పాను. మా ఆయన ఇప్పుడు వెనక సీట్లో కూర్చుంటున్నాడు. నీ తల తప్ప నాకు రోడ్డే కనిపిస్తలేదని గొణుగుతున్నాడు.

మూడేళ్లల్ల అలవాటైతది అన్నాను.