ఆయన మీద అర్జీ ఆయన బల్ల మీదికే

మొన్న కర్నూలులో ఒక ప్రభుత్వ కార్యాలయం వాళ్లు నన్ను పిలిచారు. ఆఫీసులో ఆడవాళ్లకు వేధింపులు ఎదురైతే విచారించడానికి ఇప్పుడు ప్రతిచోటా ఒక కమిటీ ఉంటుందట, అందులో బయటి మనిషి ఒకరు ఉండి తీరాలట. రిటైరయ్యాక మహిళా సంఘమని తిరుగుతున్న నేను వాళ్ల కంటికి తగినంత బయటిదానిలాగే కనిపించాను. మీటింగు అయిపోయాక కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి వచ్చి, మీ కాలంలో ఇట్లాంటి కమిటీ ఉండేదా మేడం అని అడిగింది. ఉండేదమ్మా, ఒకే సభ్యురాలు, ఆమె చేతిలో నీళ్ల జగ్గు ఉండేది అన్నాను. ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక మర్యాదగా తలూపింది. టైపు మిషన్ల ముందు నడుములు విరగ్గొట్టుకున్న మీలాంటి వాళ్లకైతే చెబితే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

నాకు డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే మా నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన పోయినందుకు సర్కారు దయతలచి ఇచ్చిన టైపిస్టు ఉద్యోగం కడపలో ఖాళీ లేక ఆలూరు వైపు పడింది. వాన తప్ప అన్నీ దొరికే ఊరు. శాఖ పేరు చెప్పను, అందులో పనిచేసిన మంచివాళ్లు నొచ్చుకుంటారు. కడపలో అమ్మ, చదువుకునే ఇద్దరు తమ్ముళ్లు నా జీతం మీదే ఉన్నారు. రెండేళ్ల ప్రొబేషను దాటితేనే ఉద్యోగం నాదవుతుంది, దాటిందని రాయవలసిన కలం మా ఆఫీసరు గారి జేబులో ఉండేది.

ఆఫీసరు గారు పైకి పెద్దమనిషి. డిక్టేషనుకు మాత్రం ఆయనకు నేనే కావాలి, అదీ తలుపు దగ్గరగా వేసి ఉండాలి. కుర్చీ వెనక నిలబడి చెప్పే ఉత్తరాల్లో వాక్యాలు చిన్నవి, విరామాలు పెద్దవి. ఇదంతా నాకంటే ముందు కనిపెట్టింది మా ఆఫీసులో అటెండరుగా ఉన్న పెద్దమ్మ. కోసిగి ఊరామె, మొగుడు పోయాక ఆ ఉద్యోగంలోకి వచ్చింది, వేలిముద్ర మనిషి. లోపల గంట మోగి నేను లేచానంటే ఆమె కూడా లేచేది. జగ్గు పట్టుకుని నా వెనకే వచ్చి, “నీళ్లు పెడ్తాండా సారూ” అని గ్లాసు నింపి, ఆయన తాగేదాకా అక్కడే నిలబడేది. తాగగానే మళ్లీ నింపేది. ఆ ఏడాది మా ఆఫీసరు గారు తాగినన్ని నీళ్లు ఆలూరు చుట్టుపక్కల ఏ చేనూ తాగి ఉండదు.

హెడ్‌గుమస్తా గారు కూడా సాయం చేయకపోలేదు. ఆఫీసరు గారిని అన్నయ్యా అని పిలిచి చూడమన్నారు. పిలిచాను. ఆఫీసరు గారిలో పెద్ద మార్పేమీ కనిపించలేదు.

ఒకసారి పెద్దమ్మ కూతురూ అల్లుడూ మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలస పోతుంటే వాళ్లను బస్సెక్కించడానికి ఆమె ఒక్కరోజు సెలవు పెట్టింది. ఆ రోజు గంట రెండుసార్లు మోగింది. లోపల బల్ల మీద నా ప్రొబేషను ఫైలు తెరిచి ఉంది. దాన్ని ఒక చేత్తో నిమురుతూ రెండో చెయ్యి నా చేతి మీద వేసి, ఇట్లాంటివి మనసు పెట్టి చూడాలి కదమ్మా, సాయంత్రం క్వార్టర్స్‌కు రా, చూద్దాం అన్నారు. చెయ్యి లాక్కుని బయటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. అమ్మకు ఏం రాయాలో ఆలోచించాను, ఏదీ రాయదగ్గదిగా లేదు. అందుకని కార్బన్లు పెట్టి మూడు కాపీలు వచ్చేట్టు జిల్లా అధికారికి అర్జీ కొట్టాను. జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా.

దాన్ని తీసుకెళ్లి తపాలు గుమస్తాకు ఇచ్చాను. మేమందరం మామా అని పిలిచే సాయిబు ఆయన. ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితానికీ రిజిస్టర్లో నంబరు వేయడం, పొద్దున్నే వాటన్నిటినీ ప్యాడ్‌లో పెట్టి ఆఫీసరు బల్ల మీదికి పంపడం ఆయన పని. మొత్తం చదివి కళ్లద్దాలు తీశారు.

“ఏమ్మా, ఎవరి మీద రాసినావో ఆయన చేతి మీదుగానే పంపిస్తాండావే?”

చూస్తే నిజమే. పై అధికారికి ఏది రాసినా మన ఆఫీసరు ద్వారానే పోవాలని అప్పటి రూలు, ‘త్రూ ప్రాపర్ ఛానెల్’ అని పైన కొట్టాలి. సెలవు చీటీలకూ ఇంక్రిమెంటు అర్జీలకూ కొట్టీ కొట్టీ అలవాటైన వేళ్లు వాటంతట అవే కొట్టేశాయి. అన్యాయం గురించి రాసేటప్పుడు కూడా ఫార్మాటు తప్పని గుమస్తాలం మనం.

కాగితం వెనక్కి తీసుకోబోతే మామ ఇవ్వలేదు. “ఉండనీలే. ఆ ముక్క లేకపోతే రూలు తప్పినావని దాన్నే పట్టుకుంటాడు. నంబరు పడినంక ఆయప్ప మింగలేడు, కక్కలేడు. ఇంకో కాపీ నేనే కర్నూలుకు పోయి ఇచ్చొస్తా.” అని స్టాంపు వేసి, నంబరు వేసి, ఇంకు ఆరేదాకా ఊదారు. మామ రిటైరు కావడానికి ఐదు నెలలుంది, ఆయన పింఛను కాగితాలూ ఆ బల్ల మీదికే వెళ్లాలి. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు ఏదో బోరింగు రిపేరు ఉత్తరానికీ ఇంకెవరిదో సెలవు చీటీకీ మధ్య ఆఫీసరు గారు తన మీది అర్జీని చూసుకున్నారు. పదకొండుకు మామను పిలిచారు. ఆ రోజు మా ఆఫీసులో ఒక్క మిషనూ చప్పుడు చేయలేదు కాబట్టి అన్నీ వినిపించాయి.

“దీనికి నంబరెందుకు వేశావయ్యా?”

“తపాలు వస్తే నంబరు వేసేదే నా పని సార్. మొన్న తమరి బదిలీ అర్జీకి కూడా వేసినా.”

“ఆ పేజీ చింపెయ్.”

“పేజీలకూ నంబర్లుండాయి సార్.”

మూడో వారానికి కర్నూలు నుంచి విచారణకు ఒక పెద్దావిడ వచ్చారు. అందరినీ ఒక్కొక్కరిగా పిలిచారు. హెడ్‌గుమస్తా గారికి ఆ రోజు ఏదీ గుర్తుకు రాలేదు. పెద్దమ్మకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. “ఆయప్పకు దాహమై కాదు మేడమ్మా, నాకు బయమై పోసినా నీళ్లు. పోసి పోసి చేతులు పడిపోయినాయి. మనిషిని మార్చండి, లేదంటే జగ్గన్నా పెద్దది ఇప్పించండి” అని, చెప్పిందంతా రాయించి వేలిముద్ర వేసింది.

రెండు నెలలకు ఆఫీసరు గారికి డోనుకు బదిలీ అయింది. మనవాళ్ల సంగతి తెలుసు కదా, వీడ్కోలు సభ పెట్టి దండ కూడా వేశాం. కొత్తగా వచ్చినాయన నా ప్రొబేషను ఫైలు మీద ఒక్క నిమిషంలో సంతకం పెట్టారు, మామ పింఛను కాగితాలు కదిలాయి, పెద్దమ్మ జగ్గు మూలకు పెట్టి మా అందరికీ ఇంటినుంచి ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చింది. అంత రుచిగా నేను మళ్లీ ఏదీ తినలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. నా పిల్లల చదువులు, ఈ ఇల్లు, ఈ పింఛను అన్నీ వాళ్ల చలవే.

చాలా ఏళ్ల తర్వాత కడపలో ఒక ట్రైనింగులో డోను ఆఫీసులో పనిచేసిన ఒకామె నా పక్కన కూర్చుంది. మాటల్లో మా పాత ఆఫీసరు గారి పేరు వచ్చింది. అక్కడ కూడా టైపిస్టు అమ్మాయి ఒకతి ఉండేదట, ఆర్నెల్లు చూసి ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయిందట. నేను మా కథ గొప్పగా చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు. “మాకు ఒక మాట చెప్పింటే బాగుండు కదక్కా” అంది, అంతే.

ఇప్పుడు కమిటీ ఉంది, అర్జీ నిందితుడి బల్ల మీదుగా పోనక్కర లేదు, అడిగే పిల్లలకు అడిగే ధైర్యమూ ఉంది. ఇవన్నీ చూస్తే సంతోషమే. మన కాలంలో అవేవీ లేకపోయినా, ఒకరి కోసం ఒకరం నిలబడ్డామని నేను ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. నిలబడ్డాం, మా ఆఫీసు గుమ్మం దాకా. ఆలూరు నుంచి పత్తికొండ మీదుగా డోనుకు ఆ రోజుల్లో కూడా బస్సు ఉండేది.