మా వంశపు శిరస్త్రాణం

మా అన్న కూతురు పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. సాయంత్రం అది బస్సు దిగి ఇంట్లోకి వస్తే దాని వెంట స్పిరిట్ వాసన కూడా గుమ్మం దాటుతుంది. మొన్న భోజనాల దగ్గర తన పని గురించి చెప్పింది. గుర్రపునాడా పీత అని ఒక సముద్రజీవి ఉందట. పేరుకే పీత, చుట్టరికం తేళ్ళతో, సాలెపురుగులతో. ఒంట్లో రాగి ఉండటాన దాని రక్తం నీలంగా ఉంటుంది. ఆ రక్తం నుంచి తీసిన ద్రవాన్ని ఇంజెక్షన్ మందులో కలిపి, గాజుగొట్టంలో గంటసేపు వెచ్చగా ఉంచి తలకిందులు చేస్తే, గడ్డకట్టి కదలకుండా నిలిచిందా, అందులో సూక్ష్మజీవుల విషం ఉన్నట్టే. ఆ మందు ఎవరి ఒంట్లోకీ వెళ్ళకూడదు. ఫోనులో బొమ్మ చూపించబోతే అక్కర్లేదన్నాను. ఆ జీవికి మా ఇంట్లో ఏటేటా పూజ జరిగేది.

అనకాపల్లిలో మాది ఒకప్పుడు పేరున్న బెల్లం వర్తకుల ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి గోదాములు పరాయివాళ్ళవైపోయి, వీధివైపు రెండు గదులూ, మా తాతయ్య నిటారైన వెన్నూ మిగిలాయి. నేను గోడకు ఆనుకుంటే, "గోడ పడిపోతాదేటే, అలా కాసుకున్నావు?" అనేవారు. చలికాలం వస్తే ఊరి చుట్టూ చెరుకు రసం కాగే వాసన కమ్ముకునేది. పెనం అంచున అంటుకున్న పాకాన్ని చెరుకు ముక్కతో గీకి, నాలుక కాలుతున్నా ఆగకుండా తినేవాళ్ళం. మాడుగుల నుంచి మా మేనత్త వస్తూ తెచ్చే హల్వాని మాత్రం గోరంత గోరంత తుంచుకుని వారం రోజులు నడిపించేవాళ్ళం.

దసరాకి వర్తకుల ఇళ్ళలో తక్కెడకు పూజ చేస్తారు. మా ఇంట్లో తక్కెడ నేలమీద ఉండేది. పీట మీద పట్టుగుడ్డ పరిచి, దానిపైన ముదురు గోధుమరంగు డొప్ప ఒకటి పెట్టి కుంకుమ బొట్లు పెట్టేవారు. అది మా పూర్వీకుడొకాయన యుద్ధంలో పెట్టుకున్న శిరస్త్రాణమనీ, శత్రువు కత్తి దానిమీద పడి రెండు ముక్కలైందనీ తాతయ్య చెబుతుంటే, వీధి పిల్లలు పులిహోర తినడం మరిచి వినేవారు. అది ఏ పెద్దవాడి తలకూ పట్టదని ఎవరికీ తోచలేదు. బళ్ళో ఎవరైనా గోదాములు పోయినవాళ్ళు అంటూ నన్ను ఎగతాళి చేస్తే ఆ కథతోనే నోరు మూయించేదాన్ని. మాకు మిగిలిన గొప్ప అదొక్కటే.

నాకు పదేళ్ళప్పుడు మాఘ పౌర్ణమికి తాతయ్యా, నేనూ, మేనత్త కొడుకు బావా సముద్రస్నానానికి పూడిమడక వెళ్ళాం. తడి చీరలు, ఇసుక మీద వేగుతున్న బజ్జీలు, కళ్ళు మండించే ఉప్పుగాలి. ఒడ్డున ఒక జాలరి ఆవిడ వల దులుపుతుంటే చేపల మధ్యలోంచి రెండు డొప్పలు జారిపడ్డాయి. పెద్దదాని వీపును చిన్నది గట్టిగా పట్టుకుని ఉంది. అలాగే రెండూ కలిసి నడక మొదలుపెట్టాయి.

"ఒలే మరదలా, మీ ముత్తాత టోపీ నడిసొత్తంది. లోపల ముత్తాత ఉన్నాడేమో సూడు," అన్నాడు బావ.

నేను గభాలున సముద్రం వైపు చూశాను. తాతయ్య నీళ్ళలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నారు. ఆయనకు చెప్పొద్దని బావను బతిమాలాను. నా హల్వా వాటా ఇస్తానన్నాను. వచ్చే ఏడాది వాటా కూడా కావాలన్నాడు. ఒప్పుకున్నాను. అప్పటికే నీళ్ళు కారుతున్న పంచె ఒకటి మా వెనక నిలబడి ఉంది.

తాతయ్య చతికిలబడి చూశారు. అల తోసిన తోపుకి ఆ జంట విడిపోయి పెద్దది వెల్లకిలా పడింది. కత్తిలాంటి తోకను ఇసుకలో గుచ్చి, ఒళ్ళంతా విల్లులా వంచి, మూడోసారికి తిరగబడి లేచింది. వల దులుపుతున్న ఆవిడ, "కరవదు బాబూ, కుట్టదు. పడితే లేవడానికే ఆ తోక," అంది. పున్నమి పోటుకి ఇసుకలో గుడ్లు పెట్టడానికి జంటగా వస్తాయనీ, తమ తాతల తాతల నుంచీ వస్తూనే ఉన్నాయనీ చెప్పింది. ఖాళీ డొప్పలు ఒడ్డుకు కొట్టుకొస్తాయా అని తాతయ్య మెల్లగా అడిగారు.

"సానా. మా పిల్లలు నెత్తినెట్టుకుని ఆడతారు."

ఆయన రెండింటినీ రెండు చేతుల్లోకి తీసుకుని, నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళి వదిలారు.

మళ్ళీ దసరా వచ్చేదాకా నాకు ఒకటే దిగులు. ఆ డొప్ప పీటెక్కితే తాతయ్య అబద్ధం చెప్పినట్టు, ఎక్కకపోతే మా గొప్ప పోయినట్టు. బావ ఆ తమాషా చూడటానికే ముందురోజే దిగాడు. పొద్దున్న చూస్తే పీట మీద తక్కెడ ఉంది, డొప్ప తాతయ్య ఒళ్ళో ఉంది.

"మనోళ్ళెవరూ యుద్ధానికి ఎల్లలేదర్రా," అన్నారు. "బెల్లం తూసేరు. సరిగ్గా తూసేరు. ఇది పీత డొప్ప."

బావ ముఖంలో నవ్వు సగంలో ఆగింది. అప్పుడు తాతయ్య నేలమీద వెల్లకిలా పడుకుని, ఆ పీత ఎలా లేచిందో చేసి చూపించారు. అంత నిటారు మనిషి కాళ్ళు కొట్టుకుంటుంటే పిల్లలంతా పగలబడి నవ్వారు, అందరికంటే ఎక్కువ నేను. డొప్ప చేతులు మారి మారి, చివరికి బావ నెత్తికెక్కింది. బేరం రద్దయి, హల్వా నాకే మిగిలింది.

ఇప్పుడు ఆ రెండు గదుల చోట షాపులున్నాయి. బెల్లం తూచేది కరెంటు కాటా. ఆ పీతలు వలలో పడటం బాగా తగ్గిందట, పడినా పట్టుకోవడం నేరమట, అన్న కూతురే చెప్పింది. మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నేను నిటారుగా కూర్చునే తీరు చూసి, మీది చాలా పెద్ద వంశమట కదా అని అడుగుతారు. బెల్లం తూచినవాళ్ళం అంటాను. ఇంకేదో చెబుతానని కాసేపు ఎదురుచూస్తారు. నేను చెప్పేది అంతే.