కృపమణికి వచ్చిన నాలుగో మాట

గుడ్‌ఫ్రైడే వస్తే మంగంపేట చర్చిలో ఏడుగురికి ఏడు మాటలు పంచుతారు. అవి సిలువ మీద యేసు పలికిన మాటలు. ఒక్కొక్కరు ఒక్కో మాట మీద ప్రసంగించాలి, నడుమ ఒక్కో పాట. పక్క సిలువ మీది దొంగకు పరదైసులో, అంటే స్వర్గంలో, చోటిచ్చిన రెండో మాటకు గిరాకీ ఎక్కువ. దేవుడా, నన్నెందుకు వదిలేశావని అరిచిన నాలుగో మాటంటే మాత్రం గొంతు చించుకునే ప్రసంగీకులు కూడా నేల చూపులు చూస్తారు. ఈసారి వరసలో అది కృపమణికి వచ్చింది.

ఆమె ముగ్గురాయిని పిండి కొట్టే మిల్లులో బస్తాలు కుడుతుంది. భర్త దావీదురాజు అదే మిల్లు దుమ్ము పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు పాడై, పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. ఒకప్పుడు చర్చిలో ఆమె ఎత్తుకుంటేనే పాట. సమాధి కార్యక్రమం అయినప్పటినుంచి వస్తుంది, చాప మీద కూర్చుంటుంది, లేచి పోతుంది. నోరు తెరవదు.

పాస్టరు భార్య జెస్సీకి జాలేసింది.

"అక్కా, నువ్వు మూడోది తీసుకో. తల్లిని శిష్యునికి అప్పజెప్పిన మాట, శానా సులువు. నాలుగోది నేను చెప్తాలే."

"వద్దు పాస్టరమ్మా. నాకొచ్చింది నేనే చెప్తా."

అన్నదే గానీ, చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? దేవుడి మీద కోపం ఉంది. ఆ కోపం అడుగున ఎవరికీ చెప్పుకోని దిగులు ఒకటి ఉంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, మూడో పాట అయిపోయాక, కృపమణి లేచి మైకు పట్టుకుంది.

"మా ఆయన పోయేటప్పుడు నేను చెయ్యి పట్టుకోనే ఉండా. ఊపిరాడక గుంజుకుంటా, 'కృపా, నన్నిడిసిపెట్టి యాడికి పోయినావు?' అని అరిసినాడు. ఈడనే ఉండా, ఈడనే ఉండా అంటానే ఉండా. ఆయనకు ఇనపల్లేదు. నేను లేననుకోనే పోయినాడు. అదే నన్ను తినేస్తాండాది."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"యేసయ్య అట్ల అరిసినప్పుడు తండ్రి యాడుండాడో నాకు తెల్దు. నేనైతే చెయ్యి ఇడవలేదు. ఆ తండ్రి మాత్రం ఇడిసింటాడా?"

అంతే. వచ్చి తన చాప మీద కూర్చుంది. నాలుగో పాట ఎత్తుకోవలసిన జెస్సీ పాటల పుస్తకం మీదికి వంగి ఏడుస్తోంది.

చాప మీది నుంచే పాట లేచింది. వాడక వాడక బొంగురుపోయిన గొంతు. కృపమణి పాడుతోంది.

రెండో చరణానికి అందరూ కలిశారు.